పెదాలు కలవాల్సిన మాట

ఎల్డర్ అంటే పెద్దాయన అని అర్థం. మోర్మోన్ సంఘం వాళ్లు తమ మిషనరీ కుర్రాళ్లని అలాగే పిలుస్తారు. గీసుకుందామంటే గడ్డమే సరిగ్గా మొలవని పంతొమ్మిదేళ్ల వాడి చొక్కా జేబుకి ఒక నల్లబిళ్ల తగిలించి, దానిమీద తెల్లక్షరాలతో ఎల్డర్ అని రాసి, రెండేళ్లపాటు ముక్కూ మొహం తెలియని దేశంలో తలుపులు తట్టి రమ్మని పంపిస్తారు. ఒక్కణ్ణే వదలరు, జంటగా ఉంచుతారు. పొద్దున ఆరున్నరకి లేచింది మొదలు పడుకునేదాకా ఒకరి కంటి ముందు ఒకరు ఉండాల్సిందే. స్నానాల గది ఒక్కటే మినహాయింపు. ఈ కథలోని జంటలో ఇరవై ఒక్కేళ్ల వాడు అనుభవం ఉన్నవాడు కాబట్టి వీధివాళ్లు అతన్ని పెద్ద ఎల్డర్ అనేవాళ్లు. అంటే పెద్ద పెద్దాయన అన్నమాట. రెండోవాడు చిన్న ఎల్డర్, చిన్న పెద్దాయన. నవ్వొస్తే నవ్వండి గానీ వీధికి వ్యాకరణంతో పనేముంది.

ఈ చిన్న ఎల్డర్‌కి నత్తి. ఆ సంగతి ఆ దేశంలో ఒక్క పురుగుకి కూడా తెలియదు.

అన్ని అక్షరాలకీ కాదు, ‘బ’కీ, దాని తోబుట్టువు ‘భ’కీ మాత్రమే. మాట మొదట్లో ‘బ’ వచ్చిందంటే చాలు, పెదాలు రెండూ కలుసుకుని ఇక విడిపోయేది లేదని మొండికేసేవి. విడిపోయినా బ, బ, బ అంటూ అక్కడక్కడే కొట్టుకునేవి. బడిలో నవ్వులపాలైంది చాలక, పెళ్లిళ్లలో చుట్టాలు పిలిచి మరీ "ఏదీ, బంగాళాదుంప అను" అని వినోదం చూసేవాళ్లు. చుట్టాల కంటే తేళ్లు నయం. తొమ్మిదేళ్లొచ్చేసరికి మనవాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. అసలు ‘బ’ జోలికే వెళ్లకూడదు. బజారు అనడు, అంగడి అంటాడు. బస్సు అనడు, ఏడో నెంబరు అంటాడు. బైబిలు అని ఏ మిషనరీ అయినా రోజుకి వందసార్లు అనాలి. ఇతను లేఖనాలు అనేవాడు, వినేవాళ్లకి అది మరీ గంభీరంగా ఉండేది. సంఘంలో అందరూ ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకుంటే ఇతనొక్కడే అన్నగారూ అనేవాడు. శిక్షణలో ఈ దేశపు భాష నేర్పినప్పుడు తోటివాళ్లు వస్తువుకొక్క మాట నేర్చుకుంటే ఇతను మూడేసి నేర్చుకున్నాడు. ఆ భాషలోనూ ఆ పాడు అక్షరం ఉండనే ఉంది మరి. "ఎంత పదసంపద" అని మాస్టారు మెచ్చుకున్నారు. దొంగ గోడ దూకితే చూసి కసరత్తు అనుకున్నట్టుంది.

ఒక్క తల్లిని మాత్రం మోసం చెయ్యలేకపోయాడు. సోమవారం సోమవారం ఇంటికి ఫోను చేసుకోవడానికి అనుమతి ఉంది. మొన్న సోమవారం ఆవిడ అడిగింది.

"అక్కడంతా ఎలా ఉందిరా?"

"చక్కగా ఉందమ్మా."

"చక్కగా ఉందంటే బాగాలేదన్నమాట" అంది తల్లి. "బాగుంటే బాగుందనే అంటావు, ఎంతసేపు పట్టినా."

నిజమే, బాగాలేదు. నత్తి ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ బెదురే. చివరికి అది ఎలా ముంచుకొచ్చిందో చెప్పాలంటే మిల్లు మామ్మ సంగతి చెప్పాలి.

మిల్లు మామ్మకి డెబ్భై ఒకటి. ముప్పై నాలుగేళ్లు మగ్గాల మిల్లులో పనిచేసింది. రెండు వందల మగ్గాలు ఒకే కప్పు కింద తిరుగుతుంటే ఆ హోరులో మనిషి మాట వినబడదు కదా, అక్కడి ఆడవాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్లు. మిల్లు మూసేసేనాటికి చెవులు పూర్తిగా పోయాయి, పెదాలు చదవడం మాత్రం మిగిలింది. ఇప్పుడు ఒక లాండ్రీకి ఇంట్లోనే గుండీలు కుట్టిపెడుతోంది. రెండు గదుల ఇల్లు, కిటికీ పక్క బల్ల, బల్లమీద చొక్కాల దొంతర. ఎల్డర్లు ఇద్దరూ రెండు నెలలుగా బుధవారం నాలుగింటికి వెళ్లి, ఆ చొక్కాలు పక్కకి జరిపి, లేఖనాలు చదివి వస్తున్నారు. మొదటి రోజే టీ పెట్టింది. తమ నియమం ప్రకారం టీ కాఫీలు ముట్టకూడదని చెబితే, "మరి బతికేదెలా?" అని నిజంగానే జాలిపడింది.

పెద్ద ఎల్డర్ మాటలు ఆవిడకి అందేవి కావు. అతనికి క్షణం ఖాళీ ఉంటే తోచదు. తానడిగిన ప్రశ్నకి తానే జవాబు చెప్పుకుని తరువాతి ప్రశ్నకి వెళ్లిపోయే రకం. పెదాలు అంత వేగంగా కదిలితే చదివేదెవరు. చిన్న ఎల్డర్ మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందేవి. ఎందుకంటే అతను ఆవిడతో గొంతు కలపకుండా మాట్లాడేవాడు. వినబడనావిడకి గొంతెందుకని మొదట్లో గుసగుసగా మొదలుపెట్టాడు. రెండో వారానికి ఒక వింత బయటపడింది. గొంతు లేకపోతే నత్తీ లేదు. బజారు, బస్సు, బైబిలు, బంగాళాదుంప, ఏదైనా సరే నూనె రాసినట్టు జారిపోయేది. పుట్టి బుద్ధెరిగాక అన్ని మాటలూ తడబడకుండా వాడుకుంటూ మాట్లాడింది లోకంలో ఆ ఒక్క ముసలావిడతోనే. అందుకే బుధవారం కోసం ఎదురుచూసేవాడు.

ఆ బుధవారమే కొంప ముంచింది.

ఆవిడ బాప్తిస్మం తీసుకోవడానికి ఒప్పుకుంది. శనివారం పది గంటలకి ముహూర్తం పెట్టారు. నిలువునా నీళ్లలో ముంచి లేపాలి, నెత్తిమీద చిలకరిస్తే సరిపోదు. మామ్మకి నీళ్లంటే ప్రాణభయం. ఆరేళ్లప్పుడు కాలవలో పడితే ఎవరో జుట్టు పట్టుకుని లాగారట. అప్పట్నుంచీ చెంబుతో పోసుకోవడమే, తల మీద ధార పడనివ్వదు.

"ఒక్కసారి మునుగుతా" అంది వేలు చూపించి. చెవులు పోయినవాళ్లకి తమ గొంతు తెలియదు కదా, వీధి చివరిదాకా వినబడేలా అంది. "ఒక్కటంటే ఒక్కటే. రెండోసారి మునగమంటే తడిబట్టలతోనే ఇంటికి పోతా. ముందే చెప్తున్నా, తర్వాత అనుకోవద్దు."

"ఒక్కసారే మామ్మగారూ, ఎందుకు రెండుసార్లు" అన్నాడు పెద్ద ఎల్డర్. ఆవిడ అతనికేసి చూడలేదు. చిన్న ఎల్డర్ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ముంచేది నువ్వే నాయనా. ఆ పెద్దబ్బాయి మాట్లాడితే నాకు మిషను తిరిగినట్టుంటుంది. మీ సంఘ పెద్దకి మీసం అడ్డం. ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో నాకు తెలియాలా వద్దా? నీ నోరు చూస్తే తెలుస్తుంది."

అదొక్కటే చిన్న ఎల్డర్ వల్ల కాని పని. ఎందుకంటారా? ముంచేముందు చెప్పాల్సిన ప్రార్థన ఒకటుంది. చిన్నదే, రెండు మూడు వాక్యాలు. మునిగే మనిషి పూర్తి పేరు, ముంచేవాడికి ఎవరిచ్చిన అధికారమో ఆ ముక్క, ఆ తర్వాత ‘నీకు బాప్తిస్మం ఇస్తున్నాను’ అన్న మాట, ఎవరి నామంలోనో అది, చివర్న ఆమేన్. పెద్దగా, అందరికీ వినబడేలా చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇద్దరు సాక్షులు పక్కన నిలబడి వింటారు. ఒక్క మాట మారినా చెల్లదు, మళ్లీ చెప్పి మళ్లీ ముంచాలి.

పదేళ్లుగా మాటలు మార్చి బతుకుతున్నవాడికి మార్చడానికి వీల్లేని మాట ఎదురొచ్చింది. అదీ ‘బ’తోనే మొదలు. ఇన్నాళ్లూ ఆ మాట వచ్చినప్పుడల్లా ఇతను జ్ఞానస్నానం అని తప్పించుకునేవాడు. "అది వేరే సంఘం వాళ్ల మాట, మనది కాదు" అని పెద్ద ఎల్డర్ నాలుగైదుసార్లు దిద్దాడు కూడా. దిద్దినప్పుడల్లా ఇతను తలూపి, మరుసటి ఇంట్లో మళ్లీ అదే అనేవాడు.

లెక్క స్పష్టంగానే ఉంది. అతని నోరు తప్పితే రెండో మునక. రెండో మునక అంటే మామ్మ వెళ్లిపోతుంది. రెండు నెలల చదువు, ఆవిడ తెచ్చుకున్న ధైర్యం, ఆవిడ నమ్మకం, అన్నీ ఒక్క అక్షరం దగ్గర తెగిపోతాయి. పైగా మిషనరీకి నోరే రాదని అందరికీ తెలిసిపోతుంది. ఇంటికి పంపించేస్తారేమో. రెండేళ్లకని వెళ్లినవాడు ఆర్నెల్లకే తిరిగొస్తే చుట్టాలకి మళ్లీ బంగాళాదుంప.

గురువారం పొద్దున స్నానాల గదిలో కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో సాధన మొదలుపెట్టాడు. గుసగుసగా పదిసార్లు అన్నాడు, పదిసార్లూ వచ్చింది. గొంతు కలిపాడు, పెదాలు అంటుకుపోయాయి. ఈసారి పాడినట్టు అని చూశాడు. చేత్తో తొడమీద తాళం వేసుకుంటూ అని చూశాడు. ముందు ఒక ‘ఊ’ చేర్చి అని చూశాడు. వచ్చింది గానీ ప్రార్థనలో ‘ఊ’ లేదు. అద్దంలో మెడ నరాలు ఉబ్బి, కళ్లు నీళ్లు తిరిగి, తన మొహమే తనకి భయం పుట్టించింది.

"ఎల్డర్, ఊళ్లో నీళ్లన్నీ నువ్వే వాడేస్తావా?" అని బయట్నుంచి తలుపు కొట్టాడు పెద్ద ఎల్డర్.

ఆ రోజు పద్నాలుగు ఇళ్ల తలుపులు తట్టారు. రెండు తెరుచుకున్నాయి. ఒకదాంట్లోంచి కుక్క వచ్చింది. చిన్న ఎల్డర్‌కి ఏదీ ఎక్కలేదు. మెట్లెక్కుతూ ఆ మాటే, మెట్లు దిగుతూ ఆ మాటే.

సాయంత్రం ధైర్యం చేసి అడిగాడు. "ఎల్డర్, ప్రార్థనలో ఒక అక్షరం రెండుసార్లు వస్తే?"

"రెండుసార్లు ఎందుకొస్తుంది?"

"ఊరికే. వచ్చిందనుకో."

"ఉన్నది ఉన్నట్టు రావాలి. మాటకి మాట. నేను ఇప్పటికి ఆరుగురికి ఇచ్చాను, ఒక్కసారీ తప్పలేదు. నాకు మొదట్లో దడ పుట్టింది, ఆ తర్వాత పోయింది. నీక్కూడా పోతుంది. సరే, రేపు ఏ వీధికి వెళ్దాం? రైలు పట్టాల పక్క వీధి. అదే మంచిది." ప్రశ్నా అతనిదే, జవాబూ అతనిదే.

శుక్రవారం చివరి ప్రయత్నంగా మామ్మ దగ్గరికే వెళ్లారు, తెల్లబట్టల కొలత చూడాలన్న వంకతో. ఆవిడ అప్పటికే సిద్ధంగా ఉంది. ప్రార్థన రాసిన చీటీని అద్దానికి అంటించుకుని, రెండు రోజులుగా పొద్దునా సాయంత్రం తనే చదువుతూ తన పెదాలు తనే చూసుకుంటోంది. ఏ మాటకి నోరెలా తిరుగుతుందో, చేత్తో ముక్కు ఎక్కడ మూసుకోవాలో, కుట్టుపని నేర్చుకున్నంత శ్రద్ధగా నేర్చుకుంది.

"ఏదీ, నువ్వూ ఒకసారి చెప్పు" అంది.

పెద్ద ఎల్డర్ వంటింట్లో కారుతున్న కొళాయికి గుడ్డ చుడుతున్నాడు. చిన్న ఎల్డర్ గొంతు కలపకుండా చెప్పాడు. మొదట్నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేదు. ఆవిడ చూపుడువేలితో గాలిలో తాళం వేస్తూ చూసి, తృప్తిగా తలూపింది.

"మామ్మా" అన్నాడు, అలాగే గుసగుసగా. "పెద్ద ఎల్డర్ అయితే నాకన్నా బాగా చేస్తాడు. నాకు అలవాటు లేదు."

"నాకు మాత్రం ఉందా?" అంది మామ్మ, ముందున్న చొక్కా అందుకుంటూ. "అందరూ నా చెవిలో అరుస్తారు. నా కోడలైతే గోడ మీద దుమ్ము రాలేలా అరుస్తుంది. నువ్వొక్కడివే నాకు కనబడేలా మాట్లాడావు. నా కోసమని ప్రతి మాటా నిదానంగా తీర్చి చెప్పావు. నీ చేతిలో అయితేనే మునుగుతా నాయనా, లేకపోతే లేదు."

తన చాటుమాటు వ్యవహారాన్ని ఆవిడ మంచితనం అనుకుంటోంది. ఆ మాటకి అతనికి సిగ్గుతో తల తిరిగింది. కాదని చెప్పాలి. నోరు తెరిచాడు. పెద్ద ఎల్డర్ చేతులు తుడుచుకుంటూ వచ్చేశాడు.

శనివారం రానే వచ్చింది.

వాళ్ల సంఘానికి సొంత గుడి లేదు. టైర్ల దుకాణం పైన ఒక హాలు అద్దెకి తీసుకున్నారు. బాప్తిస్మానికని ఒక మడత తొట్టి ఉంది. ఇనుపచట్రం బిగించి, లోపల మందపాటి నీలం ప్లాస్టిక్ పరిచి, రబ్బరు గొట్టంతో నింపాలి. నిండడానికి మూడు గంటలు పడుతుంది. ఎల్డర్లిద్దరూ ఏడింటికే వచ్చి గొట్టం పెట్టారు. నీళ్లు ఒక్కో వేలు ఎక్కుతుంటే చిన్న ఎల్డర్‌కి ఊపిరి ఒక్కో వేలు తగ్గుతున్నట్టుంది. వేడినీళ్ల మిషను మధ్యలో ఆగిపోయింది. పెద్ద ఎల్డర్ దాన్ని రెండుసార్లు చేత్తో కొట్టాడు, అది మూడోసారి కోసం చూడకుండా పనిచేసింది. అది పూర్తిగా చెడిపోతే బాగుండునని, కింద టైరు ఏదైనా పేలి అందరూ వెళ్లిపోతే బాగుండునని చిన్న ఎల్డర్ మనసులో అనుకున్నాడు. అనుకున్నందుకు వెంటనే క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

పదయ్యేసరికి పన్నెండు మంది వచ్చారు. సంఘ పెద్ద వచ్చాడు. ఆయన ఉద్యోగం బస్సు డ్రైవరు, ఆదివారం సంఘం నడుపుతాడు. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, యూనిఫాం ప్యాంటు మీద తెల్లచొక్కా తొడుక్కుని. ఆయనా, పెద్ద ఎల్డరూ సాక్షులు. తొట్టికి చెరోవైపు నిలబడ్డారు. మామ్మ కోడలు ముందు కుర్చీలో తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మామ్మ తెల్లబట్టల్లో మెట్లెక్కింది. పైమెట్టు మీద ఆగి నీళ్లకేసి చూసింది. చిన్న ఎల్డర్ ముందే తొట్టిలో దిగి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని దిగింది. మోకాళ్లదాకా, నడుందాకా, ఛాతీదాకా. మామ్మ ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచింది. ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తాడు. ఆవిడ చూపు అతని పెదాలకి కుట్టేసినట్టు అతుక్కుంది.

పేరు చెప్పాడు. వచ్చింది. అధికారం ముక్క చెప్పాడు. వచ్చింది. ‘నీకు’ అన్నాడు.

పెదాలు కలిశాయి. విడిపోలేదు.

హాల్లో ఎవరో దగ్గారు. గొట్టం కొసనుంచి ఒక్కో చుక్క తొట్టిలో పడుతోంది. అతని మెడ బిగుసుకుంది, ఎత్తిన చెయ్యి బరువెక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెద్ద ఎల్డర్ పెదాలు అప్పుడే కదులుతున్నాయి, తనే చెప్పేసేలా ఉన్నాడు. ఐదు. ఆరు. సంఘ పెద్ద తలెత్తి చూశాడు. ఏడు. ఇక తట్టుకోలేకపోయాడు. పదేళ్ల అలవాటు అతన్ని అడగకుండానే సందులోంచి దారి చూపించేసింది.

"...జ్ఞానస్నానం ఇస్తున్నాను" అనేశాడు.

అన్నాక తెలిసింది అన్నానని. అయినా ఆపలేకపోయాడు, నోరు మిగతాదంతా గడగడా చదివేస్తోంది. చెల్లదు. ఇప్పుడు ముంచితే దండగ మునక. మళ్లీ ముంచాలి, ఆవిడ మునగదు. ఇదంతా తెలిసీ అతని కుడిచెయ్యి కిందికి దిగుతోంది. అంత పిరికితనం తనలో ఉందని అతనికే తెలియదు.

మామ్మ ముక్కు మూసుకోలేదు. అడుగున రెండు కాళ్లూ గట్టిగా ఆనించి నిలబడింది.

"ఆగు" అంది, హాలంతా మారుమోగేలా. "అది కాదుగా మాట. ఆ మాటకి పెదాలు నాలుగుసార్లు కలవాలి. నీకు మొదట ఒకసారి బిగుసుకుని, మళ్లీ ఆఖర్నే కలిశాయి. ఇంకేదో అన్నావు."

కోడలు తువ్వాలుతో మొహం కప్పుకుంది. పెద్ద ఎల్డర్ నోరు తెరిచి, ఏమనాలో తోచక మూశాడు. బహుశా అతని జీవితంలో అదే మొదటిసారి.

"నిజమే మామ్మా" అన్నాడు చిన్న ఎల్డర్. ఈసారి గుసగుస కాదు, గొంతుతో, అందరికీ వినబడేలా. నిండా మునిగినవాడికి చలేమిటి. "ఆ మాట నాకు రాదు. నాకు నత్తి. మీతో గొంతు లేకుండా మాట్లాడేది మీ కోసం కాదు, నా కోసం. గొంతు లేకపోతే నత్తి రాదు. మీరేమో అది నా మంచితనం అనుకున్నారు."

ఆవిడ అతని పెదాలు చివరిదాకా చదివింది. నీళ్లు ఆవిడ భుజాల దగ్గర కదులుతున్నాయి.

"చిన్నప్పట్నుంచా?"

"ఊహ తెలిసినప్పట్నుంచి."

"అయితే నత్తితోనే చెప్పు" అంది మామ్మ. "నాకెలాగూ వినబడదు."

వెనక కుర్చీల్లో ఎవరో నవ్వబోయి మింగేశారు.

"ఎంతసేపైనా నిలబడతా" అంది మళ్లీ. "మునిగేది మాత్రం ఒక్కసారే. కానివ్వు నాయనా."

అతను చెయ్యెత్తాడు. పేరు చెప్పాడు. అధికారం ముక్క చెప్పాడు. ‘నీకు’ అన్నాడు. పెదాలు కలిశాయి, అంటుకుపోయాయి. జ్ఞానస్నానం నాలుక చివర సిద్ధంగా నిలబడి ఉంది, ఒక్క తోపు తోస్తే చాలు. తొయ్యలేదు. పది లెక్కపెట్టేంత సేపయింది. ఇరవై అయింది. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదుగా తొట్టిలో పడ్డాయి. పన్నెండు మంది తననే చూస్తున్నారు, పదేళ్లుగా ఇలా చూడకూడదనే కదా ఇన్ని మాటలు నేర్చుకున్నది. మామ్మ మాత్రం ఇష్టమైన పని చూస్తున్నట్టు తలొంచి తొందర లేకుండా అతని నోటికేసి చూస్తోంది. నీళ్ల భయం కూడా మర్చిపోయినట్టుంది.

"బ" అన్నాడు. "బ, బ, బ, బ, బ... బాప్తిస్మం ఇస్తున్నాను."

మిగిలింది దానంతటదే వచ్చింది. ఆమేన్ అనేసరికి ఆవిడ ముక్కు మూసుకుంది. వెనక్కి వంచి ముంచాడు. జుట్టు, వేళ్లు, పాదాలు, అంతా నీళ్ల కిందికి వెళ్లాయి. లేపాడు. మామ్మ నోరు తెరిచి ఇంత గాలి పీల్చి, రెండు చేతులతో అతని మెడ పట్టుకుని వేలాడింది.

"అయిందా?" అంది.

చిన్న ఎల్డర్ సాక్షులకేసి చూశాడు. పెద్ద ఎల్డర్ తలూపలేదు. మొహం పాలిపోయి ఉంది. "బ్రదర్" అన్నాడు సంఘ పెద్దతో, చిన్న గొంతుతో. "అక్షరం ఆరుసార్లు ఎక్కువొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రావాలి కదా. మళ్లీ..."

మామ్మ ఒకరి నోటినుంచి ఇంకొకరి నోటికి చూస్తోంది. పెద్ద ఎల్డర్ మాటలు అందలేదు గానీ, మొహం అందింది. మెడ మీద ఆవిడ వేళ్లు బిగిశాయి.

సంఘ పెద్ద మీసం దువ్వుకున్నాడు. ఆయనకి దేనికీ తొందర లేదు, రోజంతా సిగ్నళ్ల దగ్గర ఆగే మనిషి.

"మాట మారిందా?" అని అడిగాడు.

"మారలేదు. కానీ..."

"లేటయింది. అంతే కదా. ఇరవై ఆరేళ్లుగా బండి నడుపుతున్నాను ఎల్డర్. బండి లేటుగా వస్తే వచ్చిందనే రాసుకుంటాం, రాలేదని రాసుకోం." మామ్మకేసి తిరిగి, మీసం అడ్డం అని తెలుసు కాబట్టి, మాట అనకుండా పెద్దగా తలూపాడు.

పెద్ద ఎల్డరూ తలూపాడు.

మామ్మ అప్పుడు ఏడ్చింది. కోడలు తువ్వాలు విప్పి పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది, వస్తూనే "జాగ్రత్త అత్తయ్యా, జారుతుంది" అని అలవాటుగా అరిచింది. ఆవిడ వినిపించుకోకుండా, మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగి చిన్న ఎల్డర్ చెంప మీద తడిచేత్తో ఒకటి తట్టి దిగిపోయింది.

బట్టలు మార్చుకునే గది హాలు వెనక ఉంది, పాత కుర్చీలు పేర్చిన కొట్టు లాంటిది. చిన్న ఎల్డర్ తడిబట్టలతోనే ఒక కుర్చీలో కూలబడ్డాడు. పళ్లు కటకటలాడుతున్నాయి. పెద్ద ఎల్డర్ తలుపు దగ్గరగా వేసి, పొడి తువ్వాలు అతని భుజాల మీద కప్పి, ఎదురుగా నిలబడ్డాడు.

"పదకొండు వారాలు" అన్నాడు. "పదకొండు వారాలు ఒకే గదిలో ఉన్నాం. నాకెందుకు చెప్పలేదు?"

దిగులు, గుబులు, కంగారు. మూడు మాటలూ వరసగా వచ్చి నిలబడ్డాయి, ఏది కావాలంటే అది తీసుకోమన్నట్టు. ఏదీ అసలు మాట కాదు. చిన్న ఎల్డర్ వాటిని పోనిచ్చాడు. పెదాలు కలిశాయి, బిగుసుకున్నాయి.

పెద్ద ఎల్డర్‌కి అతను ఏమనబోతున్నాడో తెలిసిపోయింది. చెప్పేయడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచి, మళ్లీ మూసేశాడు. ఒక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని అతని మొహంలోకి చూస్తూ, ఏమీ అనకుండా ఆగాడు.

"భ" అన్నాడు చిన్న ఎల్డర్. "భ, భ... భయం."